రెండు రాహుకాలాల ప్రయాణం

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఇది. నేను బుక్ చేసిన ప్రతి విమానం టికెట్టుకూ, ఇంటికెళ్లి గ్లోబు మీద పూలు కట్టే దారంతో ఆ రెండు ఊళ్ల మధ్య దూరం కొలుస్తాను. ఆ దారం ముక్కను డైరీలో అంటించుకుంటాను.

2023 వేసవి. తిరువూరు బస్టాండు దగ్గరి టికెట్ల ఆఫీసులో చేరి అప్పటికి ఆర్నెల్లు. గంపలగూడెం నుంచి రమణమ్మగారు వచ్చారు. దుబాయిలో ఉన్న కూతురికి నెలలు నిండాయి. శనివారం లోపే కాన్పు అన్నారట డాక్టర్లు. హైదరాబాదు నుంచి డైరెక్ట్ ఫ్లైట్, అంటే మధ్యలో ఎక్కడా మారక్కర్లేనిది, గురువారం ఒక్క సీటు ఉంది. అది తప్పితే మళ్లీ సోమవారమే.

"మధ్యాహ్నం ఒకటీ యాభైకండి."

"గురువారం ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం గదమ్మా! సర్లే, దిగేదెప్పుడు?"

"నాలుగూ పదికి."

"రెండు గంటల్లోనే? హైదరాబాదు బస్సుకే అయిదు గంటలు పడుతుంటే!"

టికెట్టు మీద ఏ ఊళ్లో టైము ఆ ఊరిదే వేస్తారు. దాన్ని లోకల్ టైమ్ అంటాం. దూరం రెండున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు, గాల్లో ఉండేది దాదాపు నాలుగు గంటలు, దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనక. ఇదంతా వివరంగా చెప్పాను. చెప్పకపోతేనే బాగుండేది.

ఆవిడ వేళ్లు మడిచి లెక్క వేసుకున్నారు. "అంటే మనకి మూడైతే అక్కడ ఒకటిన్నర. ఇక్కడి రాహుకాలం వదలగానే అక్కడిది పట్టుకుంటుంది! రెండూ నా నెత్తినేనా? వద్దు తల్లీ."

లెక్కలో తప్పు లేదు. నవ్వు ఆపుకోలేక కీబోర్డు మీదికి వంగాను. అంతలో ఆవిడ ఫోను మోగింది. "అమ్మా, టికెట్టు దొరికిందా?" కూతురి గొంతు నాకూ వినిపించింది. రమణమ్మగారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

నా అంతట నేను కస్టమరుతో మాట కలిపే మనిషిని కాను. ఆ రోజు మాత్రం అనేశాను: "పిన్నిగారూ, ప్రస్థానం పెట్టుకోండి. మా అమ్మమ్మ అలాగే చేసేది." మంచి గడియలో సంచి ముందుగా బయట ఇంకొకరి చోట పెడితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు.

"ఎవరింట్లో పెట్టను?"

"ఇక్కడే. ఎలాగూ హైదరాబాదు బస్సు ఇక్కడే ఎక్కాలిగా."

ఆవిడ ముఖం విప్పారింది. "ఓసి నీ తెలివి తెల్లారా! నాకే తట్టలేదు చూడు."

బుధవారం పొద్దున తొమ్మిదింటికి ఆవిడ సంచి నా కుర్చీ పక్కకు చేరింది. రోజంతా ఆఫీసు నిండా ఆవకాయ వాసన. రాత్రి బస్సుకు ఆవిడే వచ్చి తీసుకెళ్లారు.

దూరం కిలోమీటర్లలో చెబితే సరిపోతుందనుకునేదాన్ని. మనిషి ప్రయాణం ఎక్కడ మొదలవుతుందో అడగాలని అప్పుడే తెలిసింది.

శనివారం దుబాయి నుంచి ఫోను. వెనక పసిపాప ఏడుపు. "మనవరాలే! ఇదిగో అమ్మాయ్, ఇకమీద దుబాయికి నాలుగు గంటలని ఎవరికీ చెప్పకు. మీ ఆఫీసు నుంచి ఒక పగలు, ఒక రాత్రి, మళ్లీ ఒక పగలు."