లింబాద్రి కట్టే వెనకలైటు

వలస కూలీలుండే నజ్మా పేటలో పొద్దుగూకే వేళ గోడకు చేరేసిన సైకిళ్ళ దగ్గర లింబాద్రి వంగి కనిపిస్తాడు. పారేసిన టార్చి బల్బు, పాత ఫోను బ్యాటరీ, ఎర్ర గోళ్ళరంగు పూసిన మందుసీసా మూత, అతని వెనకలైటంటే ఇంతే. ఎన్ని సముద్రాలు దాటినా మనిషి వేళ్ళు మారవు కాబోలు, దీపం ఒత్తి నలిపినట్టే తీగ మెలిపెడతాడు. పోయినేడు అతని గదిలో ఉండే రాజలింగం, తెల్లారకముందే లైటులేని సైకిలు మీద డ్యూటీకి పోతూ ట్యాంకరు కింద పడి చనిపోయాడు. అప్పటినుంచి లింబాద్రి ఎవరి సైకిలైనా సరే, అడగకుండానే లైటు కట్టేస్తాడు. కట్టి, పక్క మెట్లెక్కి, ట్యాంకరు డ్రైవరు కూర్చునే ఎత్తునుంచి అది కనబడుతోందా అని చూస్తాడు.

మొన్న అలా చూస్తుండగా ఆ సైకిలు యజమాని డేనియల్ వచ్చాడు. "నా బండి మీద నీ పెత్తనమేంటి గురూ? కావాలంటే నేనే అడిగేవాణ్ణి కదా."

"నువ్వు అడిగితే రేపు జేస్త అంటనన్నా," అన్నాడు లింబాద్రి మెట్లు దిగకుండానే. "రాజలింగం మూడుసార్లు అడిగిండు."