నాన్న పట్టుకున్న గెడ

మొన్న మా ఇంట్లో గ్యాస్ లైటరు మొరాయిస్తే, కోడలు దాన్ని చెత్తబుట్టలో వేయబోతుంటే ఆపి, వరండాలో కూర్చుని విప్పాను. లోపల చిన్న తెల్లటి ముక్క ఉంటుంది. దెబ్బ తగిలినా వంగినా కరెంటు పుట్టిస్తుంది, దాన్నే పీజో అంటారు. అగ్గిపెట్టె తడిస్తే నిప్పుకోసం పక్కింటికి పరుగెత్తిన తరం మనది కాబట్టి, 'టక్'మనే ఆ లైటరు మొదటిసారి వంటింట్లోకి వచ్చినప్పుడు ఎంత వింతగా ఉండేదో మీకూ గుర్తుండే ఉంటుంది. నాకు మాత్రం ఆ ముక్కను చూస్తే బందరు కాలువ గుర్తుకొస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. బెజవాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూనే, నలభైకి దగ్గరపడ్డాక, ఎం.టెక్. చదువుతున్నాను. పారే నీళ్ళకు వణికే రేకుతో కరెంటు తీయడం నా ప్రాజెక్టు. పలచటి ఉక్కు రేకు మీద, ఆటబొమ్మల్లో కూతపెట్టే పీజో బిళ్ళలు అతికించి, తడి తగలకుండా ఆటోనగర్లో ఇంజన్లకు పూసే బంక పూసి, కాలువలో వేలాడదీశాను. రేకు వణికితే బిళ్ళ వంగి కాస్త కరెంటిస్తుంది, అది పోగుపడితే ఆవగింజంత ఎర్ర బల్బు ఒక్కసారి మినుక్కుమంటుంది. ఈ మినుకు కోసం రెండేళ్ళా అని మా ఆవిడ దెప్పేది. ఆ మాటా అబద్ధం కాదు.

తీరా బల్బు వెలగలేదు. వేగం ఎక్కువున్నచోట వణుకూ ఎక్కువుంటుందని, కాలువ నడిమధ్యన, ఏ అడ్డూ లేనిచోట పెట్టాను. నీళ్ళు రేకును నిమురుకుంటూ పోయాయి. పైగా మూడు రోజుల్లో కాలువలు కట్టేస్తారు. ఏటా వేసవిలో నీళ్ళు ఆపేస్తారని డెల్టాలో పుట్టిన నాకు ఒకరు చెప్పాలా? అయినా మరిచిపోయి, బయటి ఎగ్జామినరుగారిని సరిగ్గా ఆ వారమే రమ్మన్నాను. బల్బు వెలగకపోతే డిగ్రీ ఏడాది వెనక్కి పోతుంది, డిగ్రీ లేకపోతే ఉద్యోగం పర్మనెంటు కాదు.

మా నాన్న బందరు పక్క మా ఊళ్ళో చేపలు పట్టేవాడు. వలలు కట్టడానికి వెదురు గెడలు కొనుక్కుందామని బెజవాడ వచ్చి, వాటిని భుజాన వేసుకునే నన్ను వెతుక్కుంటూ కాలువ గట్టుకు వచ్చాడు. కాసేపు నీళ్ళకేసి చూసి నవ్వాడు.

"ఉత్త నీళ్ళలో పెడితే ఎట్టా ఊగుద్దిరా? ముందర గెడ పాతు. నీళ్ళు దానికి కొట్టుకుని సుడి తిరిగితే, ఎనకమాల వల తోక ఊరుకోమన్నా ఊరుకోదు."

అడుగున రాళ్ళుండి గెడ దిగలేదు. నాన్న పంచె ఎగ్గట్టి, మొలలోతు నీళ్ళలోకి దిగి, రేకుకు ఎగువన గెడ నిలబెట్టి పట్టుకున్నాడు. రేకు వలలో పడ్డ చేపలా కొట్టుకోవడం మొదలుపెట్టింది. బల్బు మినుక్కుమంది, నేను చిన్నపిల్లాడిలా అరిచాను.

మర్నాడు ఎగ్జామినరుగారు వచ్చేసరికి నాన్న మళ్ళీ నీళ్ళలోకి దిగి, గెడ పట్టుకుని ఉన్నాడు. బల్బు వెలగడం మూడుసార్లు చూసి ఆయన సంతోషించి, గెడ పెట్టాలన్న ఆలోచన ఎవరిదండీ అని అడిగారు. నాదేనండి అన్నాను. భయమో, ఆశో, ఇప్పటికీ చెప్పలేను. నాన్నకు వినపడనంత దూరమేం కాదు అది. గెడ మాత్రం కదలలేదు.

డిగ్రీ వచ్చింది, ఉద్యోగం నిలబడింది. మావాడు కాలువలోంచి కరెంటు తీశాడని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. గెడ సంగతి మాత్రం బతికినన్నాళ్ళూ ఆయన ఎత్తలేదు, సిగ్గుతో నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో వల కట్టేవాళ్ళు కనబడరు. అప్పట్లో నేను బెజవాడంతా గాలించి తెచ్చిన పీజో బిళ్ళలు ఫోనులో అడిగితే గుమ్మంలోకి వస్తున్నాయి. నా థీసిస్ కాలేజీ లైబ్రరీలో ఎక్కడో ఉండే ఉంటుంది. కృతజ్ఞతల పేజీలో ప్రిన్సిపాలుగారి దగ్గర్నుంచి జెరాక్సు షాపాయన దాకా అందరూ ఉన్నారు, ఒక్క నాన్న తప్ప.

లైటరు బాగుపడింది. అది టక్‌మనగానే కోడలు సంబరపడి, ఇవన్నీ మీకెవరు నేర్పారు మావయ్యగారూ అంది. ఈసారి మా నాన్న అన్నాను. వినవలసిన మనిషి దగ్గర్లో లేడు.