జయాబాయి టీచరు, దున్నపోతు పాఠం

జయాబాయి టీచరు చేతిసంచిలో సుద్దముక్కల పక్కన ఒక స్క్రూడ్రైవరు ఉండేది. రాయచూరు పట్నంలో వాళ్ల నాన్నది రేడియో రిపేరు దుకాణం. చిన్నప్పుడు ఆమె ఇంగ్లీషు నేర్చుకున్నది అక్కడే, అదీ కాస్త దొంగతనంగా. బాగైపోయిన రేడియో కోసం ఎవరైనా వస్తే, "ఇంక కాలేదు కాకా, రెండు దినాలాగి రా" అని తానే చెప్పి పంపేసేదట. ఆ రెండు రోజులూ ఆ రేడియోలో ఇంగ్లీషు వార్తలు వినేది. వార్తలు చదివేవాళ్లు ఎక్కడెక్కడ ఊపిరి పీల్చుకుంటారో కూడా తనకు కంఠతా వచ్చని మాకు గొప్పగా చెప్పుకుంది.

ఆమె మా బడికి వచ్చింది 1990లో. మాది దేవసూగూరు దాటాక కృష్ణ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. పవర్ ప్లాంట్ పొగగొట్టాలు బడి వరండాలోంచి కనిపించేవి. ఊళ్లో మగవాళ్లు చాలామంది ప్లాంటులో కూలికి పోయేవాళ్లు. మా అవ్వ మారెవ్వ గంప నెత్తిన పెట్టుకుని ప్లాంటు కాలనీలో కూరగాయలు అమ్మేది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో ఉర్దూ. ఈ మూడింటితో మాకు రోజు గడిచిపోయేది. ఇంగ్లీషంటే ఇంజనీర్ల ఇళ్లలో మాట్లాడుకునేదనీ, మనకు పుస్తకంలో ఉంటే చాలనీ అనుకునేవాళ్లం.

ఆ ఏడాదే బడికి ఒక టేపు రికార్డరూ, ఆరు ఇంగ్లీషు పాఠాల క్యాసెట్లూ వచ్చాయి. హెడ్‌మాస్టరు వెంకోబరావు సారు వాటికి పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బీరువాలో పెట్టి తాళం వేశారు. పాడైతే పైవాళ్లకు జవాబు చెప్పాల్సింది తానే కనుక, బయటికి తీయకపోవడమే క్షేమమని ఆయన లెక్క.

వారం రోజులు ఊరుకుని టీచరు ఆయన గదిలోకి వెళ్లింది. మేం కిటికీ దగ్గర నిలబడి విన్నాం.

"సార్, మిషన్ నడవకుంటే లోపల రబ్బరు బెల్టు గట్టిపడ్తది. మా నాయన దుకాణంల చానా చూసిన. రేపు తనిఖీకొచ్చి బటన్ నొక్కితే మోగకపాయె అనుకో, మాట మీ మీదికే వస్తది."

సారు ముఖం మారింది. "మరి ఏం చేయాలె జయాబాయమ్మా?"

"దినం ఒక గంట నడిపియ్యాలె. పిల్లలు పక్కన కూసుంటే కూసుంటరు, వాళ్లతోని ఏం కాదు."

తాళంచెవి ఆమె చేతికి వచ్చింది.

క్యాసెట్లో ఒక దొర మాట్లాడేవాడు. మిస్టర్ బ్రౌన్ అనే మనిషి సముద్రం ఒడ్డున ఇంట్లో ఉండి, కుక్కతో షికారుకు వెళ్లడమే పాఠమంతా. మూడు రోజులు విన్నాం. నాలుగో రోజు టీచరు, "ఏం తెలిసింది?" అని అడిగింది.

హనుమేశ్ లేచి నిలబడ్డాడు. "ఆయనకు జలుబు చేసింది, టీచర్."

టీచరు నవ్వలేదు, తిట్టలేదు. క్యాసెట్ బయటికి తీసి అంచు చూపించింది. అక్కడ చిన్న గంటు ఉంది. ఆ గంటు ఉన్నంతకాలం దాంట్లో కొత్తగా ఏమీ రికార్డు చేయలేం. ఆమె కాగితం ముక్కకు జిగురు రాసి ఆ గంటు మూసేసింది.

"బ్రౌన్ దొర ఊరికి పోతున్నడు. ఇల్లు ఖాళీ ఐతది. మనం పోయి ఉందాం," అంది.

అట్లా సర్కారు క్యాసెట్ల మీద మా గొంతులు ఎక్కడం మొదలైంది. మొదటి పాఠం మా అవ్వది. కాలనీలో అమ్మీ అమ్మీ నేర్చుకున్న ఇంగ్లీషు ఆమెకు ఒక గంపెడు ఉంది. టీచరు మిషన్ ముందు కూర్చోబెడితే, అవ్వ దాన్ని ఇంజనీరు భార్య అనుకుని గదమాయించింది. "ఫ్రెష్ బ్రింజాల్, మేడమ్. నో ప్రెస్ టొమాటో. యు ప్రెస్, యు బై." ఆ పాఠం మాకు ఒక్కసారి వినగానే వచ్చేసింది. తర్వాత టీచరు ఒక్కో మాటా తీసుకుని, "మారెవ్వ 'నో ప్రెస్' అన్నది. పుస్తకంల 'డోంట్ ప్రెస్' అంటరు. టమాట నొక్కొద్దని ఇద్దరూ చెప్పేదే," అని వ్యాకరణం చెప్పేది.

తర్వాత మేం ఒక్కొక్కరం మా మా పాఠాలు ఎక్కించాం. ఇంక మిగిలింది యమనూరప్ప. వాడు వెనక వరుసలో కూర్చునేవాడు. మాట తడబడుతుందని నోరే విప్పేవాడు కాదు. టీచరు ఒకరోజు మమ్మల్నందర్నీ బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, వాణ్ని మిషన్‌తో ఒంటరిగా వదిలేసింది. తప్పు పోతే చెరిపేసి మళ్లీ చెప్పుకోవచ్చని మాత్రం చూపించింది. ఎన్నిసార్లు చెరిపాడో తెలియదు. మూడు రోజులకు వాళ్ల దున్నపోతు గురించి అర నిమిషం పాఠం తయారైంది. దాంట్లో ఒక్క తడబాటు లేదు.

కరెంటు వచ్చీ పోతూ ఉండేది కనుక టీచరు మైకుసెట్ల సిద్దప్పతో ఒక ఒప్పందం చేసుకుంది. అతను పెళ్లిళ్లకు లౌడ్‌స్పీకర్లు కిరాయికిచ్చేవాడు. అతని కారు బ్యాటరీతో మా టేపు రికార్డరు నడిచేది. బదులుగా అతని ఆంప్లిఫయరు మొరాయించినప్పుడల్లా టీచరు స్క్రూడ్రైవరు తీసేది.

ఆ వేసవి మొదట్లో, బడికి సెలవులు రాకముందే, మా వీధిలో సౌభాగ్యక్క పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకుది సిరవార. నిశ్చయానికి వచ్చినప్పుడు అతని మేనమామ జగన్నాథ్ మమ్మల్ని వరుసగా నిలబెట్టి ఇంగ్లీషులో పేర్లు అడిగాడు. యమనూరప్ప నోరు తెరిచి, మాట రాక నిలబడిపోయాడు. "పొగగొట్టం నీడల ఉంటే సరిపాయెనా, ఇంగ్లీషు ఏడికెళ్లొస్తది మీకు," అని జగన్నాథ్ పదిమందిలో నవ్వాడు. టీచరు అక్కడే ఉండి అంతా విన్నది.

పెళ్లినాడు పొద్దున సిద్దప్ప టేపు రికార్డరు బెల్టు తెగింది. అతను పరుగున బడికి వచ్చాడు. ఆదివారం కనుక వెంకోబరావు సారు లేరు, మిషన్‌ను గంట నడపడానికి వచ్చిన టీచరు మాత్రం ఉంది. టీచరు మా టేపు రికార్డరూ, దాంతోపాటు సన్నాయిదని చెప్పి ఒక క్యాసెట్టూ ఇచ్చింది.

పెళ్లివారి ట్రాక్టరు ఊరి మొదట్లో ఆగింది. పెళ్లికొడుకు బాసికం సర్దుకుని దిగాడు. మేళతాళాలు ఒక్క క్షణం ఆపి, సిద్దప్ప సన్నాయి కోసం బటన్ నొక్కాడు. వేపచెట్టుకు కట్టిన రెండు లౌడ్‌స్పీకర్లలోంచి ఒక పిల్లవాడి గొంతు ఊరంతా వినిపించింది.

"హియర్ కమ్స్ అవర్ బఫెలో. హి ఈజ్ వెరీ బిగ్. హి ఈట్స్ ఆల్ డే. హి డజ్ నో వర్క్. ప్లీజ్ గివ్ హిమ్ వాటర్."

మేం పిల్లలం ఒకరి భుజం మీద ఒకరం పడి నోళ్లు మూసుకున్నాం. పెద్దలకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అందరూ ఇంగ్లీషు వచ్చిన జగన్నాథ్ వైపు తిరిగారు.

"ఏమంటున్నరు బావా?" అని పెళ్లికొడుకు తండ్రి అడిగాడు.

జగన్నాథ్ చెవి అటు వేసి, తల ఆడించాడు. "స్వాగతం చెప్తున్నరు. మన పిల్లగాని గురించి శానా మంచిగ చెప్తున్నరు."

అంటే అతనికి ఇంగ్లీషైనా రాదు, నిజం చెప్పే ధైర్యమైనా లేదు. ఏదైనా మాకు సంతోషమే. "ఇంకొకసారి వెయ్యండి," అన్నాడు పెళ్లికొడుకు తండ్రి. సిద్దప్ప ఇంకొకసారి వేశాడు. ఈసారి ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చి పెళ్లికొడుకు చేతికిచ్చారు. పాఠంలో చివరి వాక్యం కూడా నెరవేరింది.

ఆ గోలలో యమనూరప్ప తల్లి హనుమవ్వ వంట దగ్గర గరిటె వదిలేసి బయటికి వచ్చింది. "అది మా యమనూరి గొంతు గద," అని పక్కనున్న వాళ్లందరి చేతులూ పట్టుకుని అడిగింది. మాట మాటకూ తడబడే కొడుకు గొంతు చెట్టు మీదినుంచి వస్తుంటే ఆమె కళ్లు తుడుచుకుంటూ నిలబడింది. పాఠం దేని గురించో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సోమవారం వెంకోబరావు సారుకు సంగతి తెలిసి చెమటలు పట్టాయి. పైగా అదే వారం తనిఖీ అధికారి జీపులో దిగాడు. వచ్చీ రాగానే మొదటి పాఠం వేయమన్నాడు. మిస్టర్ బ్రౌన్ రాలేదు. "యు ప్రెస్, యు బై" అని మా అవ్వ గద్దించింది. సారు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

అధికారి పాఠం అయ్యేదాకా విన్నాడు. తర్వాత మా వైపు తిరిగి ఇంగ్లీషులో, ఏమైనా అడగాలంటే అడగమన్నాడు. ఇంతవరకు ఏ తనిఖీలోనూ పిల్లలు నోరు తెరవలేదేమో, జవాబు కోసం కూడా ఆగకుండా లేవబోయాడు.

"సార్, హూజ్ జీప్ ఈజ్ దిస్?" అంది వెనక వరుస. యమనూరప్ప గొంతు. 'జీప్' దగ్గర రెండుసార్లు ఆగింది, కానీ చివరిదాకా వచ్చింది.

"గవర్నమెంట్ జీప్," అన్నాడు అధికారి.

"డజ్ హి ఈట్ ఆల్ డే?"

అధికారి నవ్వాపుకోవడానికి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వెళ్లేముందు తనిఖీ పుస్తకంలో రెండు వాక్యాలు రాశాడు. క్యాసెట్లు చెరపడం నేరమని ఒకటి, పిల్లలు ఇంగ్లీషు మాట్లాడుతున్నారని ఒకటి. టీచరు రెండో వాక్యాన్ని పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి గోడకు అంటించింది. మొదటిదాని ఫలితం మరుసటి ఏడాది వచ్చింది. ఆమెను అరకేరకు బదిలీ చేశారు. అక్కడ టేపు రికార్డరు లేదు, తానే ఒకటి కొనుక్కుని వెళ్లింది.

పోయినేడు రాయచూరులో ఆమె ఇంటికి వెళ్లాను. రిటైరయ్యి పదేళ్లు దాటింది. పెళ్లినాటి క్యాసెట్ పొరపాటున మారిందా అని ముప్పై ఏళ్ల తర్వాత అడిగాను.

"రెండు క్యాసెట్లు వేరే వేరే డబ్బాలల్ల ఉండె హేమా. అప్పుడు నా చూపు మంచిగనే ఉండె," అంది.

ఇప్పుడు ఆమెకు ఫోనులో ఇరవై ముగ్గురు విద్యార్థులు. పూలమ్మేవాళ్లు, ఆటోవాళ్లు, ఆసుపత్రిలో ఆయాలు. రోజూ పొద్దున ఏడింటికి ఒక ఇంగ్లీషు వాక్యం తన గొంతుతో పంపుతుంది. వాళ్లు తమ గొంతులతో తిరిగి పంపాలి. ఆ రోజు నేను తలుపు కొడితేనే ఆమె నిద్ర లేచింది. నేను కూర్చున్నప్పుడే ఫోను మోగింది. పూలమ్మే మేఘా గొంతు. "టీచర్, ఇట్ ఈజ్ ఎయిట్ ఓ క్లాక్. వేర్ ఈజ్ అవర్ సెంటెన్స్?"

టీచరు ఆ గొంతును రెండుసార్లు విని, తప్పు ఎక్కడా లేదని తల ఊపింది. తర్వాత ఫోను నోటి దగ్గర పెట్టుకుని, నిద్ర కళ్లతోనే, వార్తలు చదివినంత స్పష్టంగా, "సారీ మేఘా, నెట్‌వర్క్ ప్రాబ్లమ్," అంది.