రాకుమారుడి చేత ఉల్లిపాయలు కోయించిన వైనం

ముందే చెబుతున్నాను, ఇది చదివాక నా మీద మీకున్న గౌరవం పోతుంది. పోతే పోనివ్వండి. నలభై ఏళ్లు సినిమా ఆఫీసుల్లో కూర్చున్నవాడి దగ్గర పోగొట్టుకోవడానికి అదేమీ మూటలుగా ఉండదు. నన్ను నిలువునా ముంచింది ఒక ఇంగ్లీషు నవల. అదీ పిల్లలు చదువుకునే నవల. టీలో బిస్కెట్టు మునిగినట్టు, చప్పుడు లేకుండా మునిగాను.

అప్పటికి నేను చిన్నవాణ్ణి. డెబ్బై ఒక్కేళ్లు. దుడుకు వయసు.

ఏడో తరగతిలో బడి మానేసి, పకోడీ పొట్లాల కాగితాలు చదివి పెద్దవాణ్ణయ్యాను. ఫిల్మ్‌నగర్‌లో ఎక్కడ కథాచర్చ జరిగినా నాకు కబురొస్తుంది. పదిమంది ఒక కథ చుట్టూ కూర్చుని దిక్కు తోచక చూస్తుంటే, "అలా కాదండీ, ఇలా అయితే?" అనడం నా వృత్తి. అలా చావాల్సిన తల్లుల్ని ఎందరిని బతికించానో, హాయిగా బతకాల్సిన తమ్ముళ్లని ఎందరిని చంపానో! ఇంత హత్యాకాండ చేసినా తెర మీద నా పేరు ఒక్కసారి పడలేదు. అన్ని ఆఫీసుల్లోనూ నేను ఉత్త 'పెద్దాయన'ని.

అలాంటి నన్ను జూబ్లీహిల్స్ నిర్మాత యాదగిరి గారు పిలిచి, ఇటుకంత పుస్తకం చేతిలో పెట్టారు.

"పెద్దాయనా, గీ పుస్తకం జర చూడుండ్రి. పోరగాళ్లంత దీని వెంబడి పడ్డరట. సినిమా హక్కులు కొందామనుకుంటున్న. మీరు చదివి మాకు కథ చెప్పుండ్రి. మంచిగుంటే ఈసారి తెర మీద మీ పేరు ఏయిస్త. ఒట్టు!"

నా పేరు! తెర మీద! ఆ మాట విన్నాక నాకు ఇంగ్లీషు రాదని చెప్పే మొనగాడెవరు? పైగా రాదని కాదు, వచ్చు. కాకపోతే ఆ పుస్తకంలో అక్షరాలు బెల్లం చూసిన చీమల్లా పరిగెత్తుతున్నాయి. మూడు రోజుల్లో నాలుగు పేజీలు దాటాను. అయిదో పేజీలో ఒక డ్రాగన్ ఆవులించింది. నేనూ ఆవులించాను.

నాలుగో రోజు శ్రీనగర్ కాలనీలో మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. మనవరాలు లహరి పదో తరగతి. వంటింటి గట్టు మీద కూర్చుని మరమరాలు నములుతోంది.

"ఇదెలా ఉందో చెప్పవే అమ్మడూ!"

"ఇదా? ఎప్పుడో చదివేశా. అడక్కు తాతయ్యా, ఒళ్లు మండిపోతుంది."

"మండితే మండనీ, చెప్పు."

చెప్పింది. ఒక రాజ్యంలో పదహారేళ్లు నిండిన ప్రతివాళ్లూ తమ నీడని రాజుకి అప్పజెప్పాలట. కోటలో వంటామె కూతురు ఒక డ్రాగన్‌తో స్నేహం చేసి ఆ నీడలు తేవడానికి బయల్దేరుతుందట. మధ్యలో నల్లకోటు రాకుమారుడు ఒకడు, ఎప్పుడూ కిటికీలోంచి బయటికి చూస్తుంటాడట.

"చివర్లో వాడి కోసం డ్రాగన్‌ని చంపుకుని వాణ్ణే పెళ్లి చేసుకోవడమేంటి, సీరియస్‌గా? అలా కాదు తాతయ్యా! డ్రాగన్ ఎక్కి, కోట కప్పు లేపేసి, ఎవరి నీడ వాళ్లకి పంచేస్తుంది."

"మరి రాకుమారుడు?"

"వాడు వంటింట్లో ఉల్లిపాయలు కోస్తుంటాడు. పుట్టాక మొదటిసారి ఒక పని చేస్తాడు, వేస్ట్ ఫెలో."

గబగబా రాసుకున్నాను. మీరైతే ఇక్కడ ఆగి, "ఇది పుస్తకమా, నీ మాటా?" అని అడిగేవారు. నాకు తట్టలేదు. మా వృత్తిలో 'అలా కాదు' అన్న తర్వాత వచ్చేదే అసలు కథ. నలభై ఏళ్లుగా నేను అమ్ముకుంటున్న మాటని నా ఇంట్లోనే గుర్తుపట్టలేకపోయాను. దీపం కింద చీకటంటారే, ఆ చీకట్లో కళ్లజోడు కూడా పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు యాదగిరి గారి ఆఫీసులో కథ చెప్పాను. చెప్పడమంటే మామూలుగానా! డ్రాగన్ రెక్కల చప్పుడు నోటితోనే వేశాను. కోట కప్పు లేచినప్పుడు నేనూ కుర్చీలోంచి లేచాను. ఉల్లిపాయల దగ్గరికి వచ్చేసరికి యాదగిరి గారు టీ చొక్కా మీద ఒలకబోసుకుని మరీ నవ్వారు.

"రాజు కొడుకు ఉల్లిగడ్డలు కోస్తడా! అరె, కిరాక్ ఉంది పెద్దాయనా! మొత్తం చదివిండ్రా?"

"రెండుసార్లు."

ఒకసారి అంటే సరిపోయేది. అబద్ధమైనా కొసరు వెయ్యకుండా ఇచ్చే చెయ్యి కాదు నాది.

హక్కుల కోసం ఉత్తరం పంపమని ఆయన అప్పుడే చెప్పేశారు. పుస్తకం డైరెక్టర్ శ్రుతి చేతికి వెళ్లింది. ఆ అమ్మాయికిది మొదటి సినిమా. సినిమా వాళ్లలో ఉండకూడని జబ్బు ఒకటి ఆమెకు ఉందని తర్వాత తెలిసింది. పుస్తకం ఇస్తే చదువుతుంది!

వారం తిరక్కుండా మళ్లీ పిలుపు. శ్రుతి ఒళ్లో పుస్తకం, దాన్నిండా పసుపుపచ్చ చీటీలు.

"సర్, చిన్న డౌట్. ఉల్లిపాయలు ఏ పేజీలో ఉన్నాయి?"

"చివర్లోనమ్మా, ఎక్కడో..."

"మొత్తం వెతికాను సర్. ఈ పుస్తకంలో ఉల్లిపాయ లేదు. వెల్లుల్లి కూడా లేదు."

యాదగిరి గారు నిటారుగా కూర్చున్నారు. "ఏందీ? మరి కోట లేపేసుడు?"

"లేదు సర్. డ్రాగన్ చచ్చిపోతుంది. హీరోయిన్ ఏడుస్తుంది. ప్రిన్స్ కిటికీలోంచి చూస్తాడు. పెళ్లి."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడట. చదవకుండా చెప్పేవాడుంటే, చదివొచ్చి అడిగే పిల్ల ఉంటుంది. ఆఖరి ఆశగా లహరికి ఫోన్ చేసి, అందరికీ వినిపించేలా స్పీకర్ పెట్టాను.

"అమ్మడూ, రాకుమారుడు ఉల్లిపాయలు కోశాడా, లేదా?"

"బుక్‌లోనా? లేదు. నేను కోయించా. నువ్వు అడిగింది నా ఒపీనియనే కదా తాతయ్యా?"



"రెండుసార్లు చదివిన్నంటిరి?" అన్నారు యాదగిరి గారు.

బుద్ధున్నవాడు తలవంచుకుని మెట్లు దిగుతాడు. నేను లేచి నిలబడ్డాను.

"చదవలేదండీ. అయిదో పేజీలో ఆగిపోయాను. అబద్ధం చెప్పాను, నా పేరు కొట్టేయండి. కానీ ఆ రోజు నవ్వింది మీరా, కాదా? చొక్కా మీద టీ పోసుకుంది ఎవరు? అచ్చేసిన ప్రతి అక్షరానికీ దణ్ణం పెట్టాలని ఏ శాస్త్రంలో ఉంది? అయిదొందల పేజీలు నిప్పుల్లో నడిపించిన పిల్లని కిటికీ దగ్గర నిలబడేవాడికి కట్టబెడతారా? నా మనవరాలిదే ఒప్పు! పుస్తకానిదే తప్పు!"

యాదగిరి గారు నన్ను చూడలేదు. కుర్చీని ఫోన్ దగ్గరికి జరుపుకున్నారు.

"బిడ్డా, మరి గా రాజు ఏమైతడు నీ కథల?"

"వాడి నీడే వాడి మాట వినదు అంకుల్. అక్కడ్నుంచి అసలు గొడవ!"

హక్కుల ఉత్తరం ఆగిపోయింది, లహరి చెప్పిన కథే తీద్దామన్నారు. "పుస్తకంలోది ఒక్క ముక్క కూడా ఉండకూడదు," అని శ్రుతి గట్టిగా చెప్పింది. వేసవి సెలవులన్నీ ఆమె, లహరి కలిసి కూర్చుని నీడలు తీసేశారు, డ్రాగన్‌ని తీసేశారు, రాజ్యాన్నే మార్చేశారు. ఉల్లిపాయలు మాత్రం ఉంచారు. అవి మా సొంతం.

ఫిల్మ్‌నగర్ గుడిలో స్క్రిప్టు పూజ జరిగింది. అమ్మవారి పాదాల దగ్గర నాలుగు మూలలా పసుపు రాసిన కాగితాల కట్ట. కళ్లజోడు తుడుచుకుని మొదటి పేజీ చూశాను. 'కథ: లహరి.' కింద ఆఖరి వరుసలో 'కృతజ్ఞతలు: లహరి తాతగారికి.'

"యాదగిరి గారూ, నా పేరు వేయిస్తానని ఒట్టేశారు!"

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "అయ్యో, మరిచేపోయిన పెద్దాయనా! ఇంతకీ మీ పేరేంది?"

పూజారి హారతి తెచ్చాడు. కర్పూరం మీద చెయ్యి పెట్టి అక్కడికక్కడే ప్రమాణం చేశాను. ఈ దేహంలో ప్రాణం ఉండగా, పుస్తకం ఎక్కడ అయిపోయి పిల్ల ఎక్కడ మొదలైందో అడగకుండా ఏ కథా ఎవరికీ చెప్పను. చదవని పుస్తకం గురించి మాట్లాడనని మాత్రం ప్రమాణం చెయ్యలేదు. ఆ ఒట్టు నాతో మొదలై అందరికీ అంటుకుంటే, తెల్లారేసరికి జూబ్లీహిల్స్‌లో సగం ఆఫీసులకి టులెట్ బోర్డులు వేలాడతాయి.