స్టవ్ ఫోటోలు

మా అమ్మాయి స్కూలు బస్సు ఎక్కకుండా ఆగిపోయిన రోజు దాకా, నాది వట్టి చాదస్తమని నేనే నవ్వుకునేదాన్ని.

బౌరంపేటలో ఫ్లాట్ కొనుక్కున్నాక మొదలైంది. పొద్దున తాళం వేసి మూడుసార్లు లాగుతాను. లిఫ్టు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి. గ్యాస్ కట్టేశానా? అనుమానం తీరక స్టవ్‌కి ఫోటో తీయడం అలవాటు చేసుకున్నాను. మేడ్చల్‌లో ఆఫీసుకెళ్ళి ఆ ఫోటో చూస్తాను. తీశాక చెయ్యి తగిలి నాబ్ తిరిగిందేమో అని ఇంకో అనుమానం. ఫోన్ నిండా స్టవ్వులే. పిల్ల ఫోటోలు ఎక్కడో అడుగున.

ఎదురు ఫ్లాట్ పెద్దమ్మది ఈ ఊరే. మా అపార్ట్‌మెంట్ ఉన్న నేల ఒకప్పుడు వాళ్ళ చేను. "ఏంది బిడ్డా, మల్లొచ్చినవ్? ఇల్లు యాడికి పోతది?" అనేది. ఏదో మర్చిపోయానని బొంకేదాన్ని. తింటున్నాను, ఉద్యోగం చేస్తున్నాను, నాకేం రోగం అనుకునేదాన్ని.

ఆ రోజు బస్సు హారన్ కొడుతోంది. మూడో తరగతి పిల్ల, ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టి, "అమ్మా, గీజర్ ఆపానో లేదో చూసొస్తా" అంది. ఆపావని చెప్పినా వినలేదు. బస్సు వెళ్ళిపోయింది. నేను వెనకాలే వస్తుంటే, పిల్ల పైకి పరిగెత్తి, స్విచ్ చూసి, లిఫ్టు దగ్గరికొచ్చి మళ్ళీ వెనక్కి తిరిగింది. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా! నా మీద నాకే అసహ్యమేసింది.

తలుపు తీసి చూస్తున్న పెద్దమ్మకి నిజం చెప్పేశాను. "నాకు భయం పెద్దమ్మా. రోజూ ఇంతే."

ఆమె నవ్వలేదు. "రేపటి సంది ఒక్కసారి గుంజి, తాళంచెవి నాకిచ్చి పో. గంత పరేషాన్ ఉంటే డాక్టర్‌కి సూపిచ్చుకుందాం, నేనొస్త తోడు."

మర్నాడు అలాగే చేశాను. ఇద్దరం కిందికొచ్చి నిలబడ్డాం. బస్సొచ్చింది.

"అమ్మా, గ్యాస్?" అంది పిల్ల.

"కట్టేశాను. భయంగానే ఉంది, అయినా వెళ్దాం."

నా మొహంలోకి కాసేపు చూసి ఎక్కింది. బస్సు మలుపు తిరిగేదాకా నవ్వుతూ చెయ్యి ఊపాను. వెంటనే ఫోన్ తీశాను. ఇవాళ ఫోటో తీయలేదని అప్పుడు గుర్తొచ్చింది. లిఫ్టు వైపు నాలుగడుగులు వేసి, ఆగి, ఆఫీసు దారి పట్టాను.