వరండాలో కారు సీటు

మొన్న ఇంటికి రంగులు వేయిస్తూ సామాను వాకిట్లోకి చేరవేస్తున్న మా మనవడు, వరండాలో రెండు చెక్కదిమ్మల మీదున్న పొడవాటి సీటును చూసి, ఈ సోఫాకి కాళ్ళు లేవేంటి నాయనమ్మా, పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామా అన్నాడు. మనవడైతే మాత్రం, ఒళ్ళు మండిపోయింది నాకు. అది సోఫా కాదు, మా మామగారి కారు వెనక సీటు.

నేను తెనాలికి కాపురానికొచ్చిన కొత్తల్లో మావారికి కారు పందేల పిచ్చి పట్టుకుంది. మద్రాసు దగ్గర విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద జరిగేవి ఆ పందేలు. అందులో నడిపేవి పందేనికని ప్రత్యేకంగా చేసినవి కావు. మనలాంటివాళ్ళు షాపులో కొనుక్కుని పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తిరిగే కార్లే, కాకపోతే బరువు తగ్గడానికి వెనక సీటూ చాపలూ పీకేసుకోవచ్చు. మామగారు తన కారు ఇవ్వడానికి ఒకే ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు. కారుకి చిన్న సొట్ట పడినా మర్నాడే అమ్మేస్తానన్నారు. ఆయన అన్నారంటే చేసేవారే. కారు పోతే పందేలూ పోయినట్లే, పందేలు పోతే మావారు మనిషిగా మిగలరని నాకు బెంగ.

ఆ ఏడాది సీజనులో మూడు పందేలు. తెల్లవారకముందే బాపట్ల దాకా వెళ్ళి, సూర్యలంక రోడ్డు మీద ఆయన సాధన చేస్తుంటే, నేను గట్టున చేతిగడియారం పట్టుకుని నిలబడేదాన్ని. చేపలబుట్టలతో వెళ్ళే అమ్మలక్కలు నన్ను చూసి, మొగుడు దింపేసి పోయాడేమోనని జాలిపడేవారు. పందేనికి వెళ్ళే ముందు సీటు ఊడదీసి వరండాలో పడేస్తే, అత్తగారు దాని మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఉన్న కారుని డొల్ల చేసుకుని ఊరేగే వెర్రివాణ్ణి నా కొడుకునే చూశానని సణిగేవారు. మొదటి పందెంలో మావారు అందరికంటే ఆఖరున వచ్చి, వెనకనుంచి చూస్తే నేనే ఫస్టని సంబరపడ్డారు. రెండోదానిలో నడిమధ్యన వచ్చారు.

మూడోదానికి నేనూ వెళ్ళాను. చివరి మలుపులో పక్కకారుకి దారివ్వకుండా పంతానికి పోయి, మలుపు గుర్తుగా పెట్టిన ఖాళీ డ్రమ్మును రాసుకుంటూ దూసుకుపోయారు. మూడో స్థానం, కప్పు! జనమంతా చప్పట్లు కొడుతుంటే నా కళ్ళు మాత్రం కారు కుడివైపు వెనక తలుపు మీదే ఉన్నాయి. సరిగ్గా మామగారు ఎక్కే తలుపే, అరచేతి మందాన లోపలికి పోయింది.

ఇంటికి చేరేసరికి మామగారు స్నానంలో ఉన్నారు. దిష్టి తీద్దామని ఎర్రనీళ్ళు పట్టుకొచ్చిన అత్తగారు సొట్ట చూశారు. దిష్టి తీసి, కారుని సొట్ట ఉన్న వైపు గోడకి ఆనించి పెట్టించి, వెళ్ళి సీటు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. మిల్లుకి బయలుదేరిన మామగారు సీటు బిగించమంటే, “నా నడుముకి ఇదే హాయిగా ఉందండి, మీరు ముందు కూర్చోండి” అన్నారు. ఆయన ఆవిణ్ణీ, మా మొహాల్నీ ఓసారి చూసి, వెళ్ళి ముందు కూర్చున్నారు. ఆయనకి తెలుసో తెలియదో నేనిప్పటికీ చెప్పలేను.

ముందు సీట్లో కూర్చోవడం అత్తగారికి నామోషీ. రేపల్లెలో చెల్లెలి ఇంటికి కారులో వెళ్ళి, వీధి వీధంతా చూస్తుండగా దిగడమంటే ఆవిడకి ప్రాణం. అలాంటి మనిషి, కారులో వెనక సీటు లేక, ఆ వేసవంతా చేతిసంచి పట్టుకుని ప్యాసింజరు రైల్లో వెళ్ళొచ్చారు. మామగారు కాశీకి వెళ్ళినప్పుడు తలుపు బాగుచేయించి, మావారు సీటు తీసుకెళ్ళబోతే, అత్తగారు “ఉండనీరా అబ్బాయ్, మళ్ళీ పందేలప్పుడు ఎలాగూ తియ్యాలిగా” అన్నారు. అంత మగవాడై ఉండీ మావారు ఆవిడ పక్కన కూలబడి ఏడ్చేశారు.

ఇప్పుడు మా ఇంట్లో మూడు కార్లు. నెల కిందట మనవడు తనది ఎక్కడో గుద్దుకుని వచ్చి, ఫోనులో ఫొటో పంపితే, ఇన్సూరెన్సువాళ్ళు తలుపే మార్చేశారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. మంచిదే. కానీ వాడి కోసం కారుని గోడకి ఆనించి పెట్టించే మనిషి అవసరమే లేకపోయింది కదా అని నాకెందుకో దిగులేసింది. ఈ కథంతా వాడికి చెప్పి, సీటుకి కొత్త గుడ్డ వేయించమన్నాను. వాడు అప్పటికే వాకిట్లో పెట్టేసిన దాన్ని మళ్ళీ వరండాలోకి మోసుకొచ్చి, దుమ్ము దులిపి, నన్ను కూర్చోమన్నాడు.