సీలు ఏం పాపం చేసింది?

మా పెద్దబాపు పోయారన్న కబురు ఇంట్లోవాళ్లు చెప్పకముందే వాట్సాప్‌లో తెలిసింది నాకు. అది జీపులున్నవాళ్ల గ్రూపు. "యంత్రాల మహర్షి ఇక లేరు" అని పూలదండ బొమ్మతో పెట్టినవాడు, మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపుల వర్క్‌షాపు నడిపేవాడు. పెద్దబాపు బతికుండగా ఆయనను "పాతసామాన్ల ముసలాయన" అన్నది కూడా వీడే. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ జోడించినవాళ్లలో ఆయన షెడ్డులో అడుగుపెట్టినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఆ మహర్షి మాట చూసి ఉంటే పెద్దబాపు తుపుక్కున ఉమ్మి, మళ్లీ ఏదో బండి కిందికి దూరేవారు.

ఆయన మా నాన్నకు అన్న. ఆత్మకూరులో రేకుల షెడ్డు వేసుకుని జీపులు, ట్రాక్టర్లు బాగుచేసేవారు. గొర్లకు టీకాలు వేసే ఉద్యోగం నాది. మందలు ఏ గుట్ట మీదుంటే ఆ గుట్ట ఎక్కాలి. అందుకని రాష్ట్రం వచ్చిన మరుసటేడు, నాలుగు చక్రాలూ లాగే పాత జీపు కొనుక్కున్నాను. కొన్నాళ్లకు దాని డిఫరెన్షియల్ నూనె కార్చడం మొదలుపెట్టింది. వెనక ఇరుసు నడుమ గుండ్రటి పెట్టెలా ఉండి, ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచేది అదే.

నేను పెద్దబాపు దగ్గరికి పోలేదు. తిడతారని భయం అని చెప్పుకునేదాన్ని గానీ, నిజానికి ఆ రేకుల షెడ్డంటే నాకు చిన్నచూపు. అద్దాల వర్క్‌షాపుకు పోయాను. నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు మార్చారు. నెలకు మళ్లీ కారింది. మళ్లీ మార్చారు. మూడోసారి టీ తెప్పించి, "పాత బండి మేడం, కొంచెం కారుతది, మామూలే" అన్నాడు యజమాని. లోపల ఏదో మూలుగుతోందంటే, పాటలు పెట్టుకోమని నవ్వాడు. ఆ నవ్వును నేనింకా క్షమించలేదు.

ఒకరోజు గుట్ట ఎక్కుతుంటే వెనక ఠక్కుమంది. బండి లాగడం మానేసింది. బ్రేకు తొక్కేలోపే నాలుగడుగులు వెనక్కి జారింది. వెనకాల మంద, దాన్ని తోలుకొస్తున్న ఒక అవ్వ. ఆమె పక్కకు దూకింది కాబట్టి సరిపోయింది.

జీపును ట్రాక్టరుకు కట్టి పెద్దబాపు షెడ్డుకు తెచ్చాను. ఆయన కిందికి దూరి, కారే చోట పూసిన తెల్లటి లప్పాన్ని గోటితో గీకారు.

"ఇది రిపేరా? మొకానికి పౌడరు."

నన్నూ కిందికి రమ్మన్నారు. "గా షాఫ్టు మొదలు పట్టుకొని ఊపు."

ఇంజను నుంచి ఆ పెట్టెలోకి వచ్చే ఇనుప కడ్డీ అది. ఊపితే కిందికీ మీదికీ ఆడింది.

"చూసినవా? లోపల బేరింగు అరిగి షాఫ్టు ఊగుతాంది. ఇగ సీలు ఏం పాపం చేసింది? దినాం కొత్తది ఏసినా కారుడే."

ఇరుసు మీది గాలిగొట్టం బురదతో మూసుకుపోయి ఉంది. దాన్ని పుల్లతో పొడుస్తూ, "వేడికి లోపల గాలి ఉబ్బుతది. తొవ్వ లేకపోతే నూనెను బయటికి నూకుతది. మూడుసార్లు సీలు మార్చినోనికి గిది కనవడలే?" అన్నారు.

అడుగు బిరడా విప్పితే నూనె తళతళా మెరిసింది. అరిగిపోయిన పళ్లచక్రాల రజను అది.

"చప్పుడు ఇనవడలేదా బిడ్డా నీకు?"

"ఇనవడ్డది పెద్దబాపు."

"మరి?"

వర్క్‌షాపువాడి మీద ఎంత అసహ్యమో అంత నా మీదా చూపించారు. న్యాయమే.

కొత్త పళ్లచక్రాలు, బేరింగులు తెప్పించారు. పళ్లకు పసుపు రంగు పూసి తిప్పేవారు. రంగు పంటి నడుమ చెరిగితే చక్రాలు సరిగ్గా కూర్చున్నట్టు. అంచున చెరిగితే అంతా విప్పి, ఒక పలచటి రేకు తీసి ఇంకోటి పెట్టి, మళ్లీ బిగించాలి. మూడోసారి విప్పుతుంటే నేను నోరు జారాను.

"చాలు పెద్దబాపు, నడుస్తది."

ఆయన పానా నా చేతిలో పెట్టారు. "అయితే నువ్వే బిగించుకో. నా షెడ్డుల గా మాట అనకు."

పానా కింద పెట్టి, డీజిల్‌లో సామాన్లు కడిగాను.

నాలుగోసారీ రంగు అంచునే చెరిగింది. మళ్లీ విప్పి చూశారు. ఒక రేకు ఆయనే తారుమారుగా పెట్టినట్టు తేలింది. షెడ్డులో ట్రాక్టర్ల రైతులు కూర్చుని ఉన్నారు. వాళ్లందరూ వింటుండగానే, "థూ! ముసలి గాడిదా! ఇన్నేండ్లు చేసి గీ తప్పు చేస్తవా?" అని తనను తాను తిట్టుకున్నారు. వర్క్‌షాపువాడిని తిట్టిన గొంతే, పిసరంత కూడా తగ్గలేదు. అప్పటిదాకా ఆయన తిట్లకు నొచ్చుకునేదాన్ని. ఆ తర్వాత ఎప్పుడూ నొచ్చుకోలేదు.

బండి సిద్ధమయ్యాక గుట్ట మీదికి నన్నే నడపమన్నారు. పక్క సీట్లో కూర్చోలేదు. వెనక జీపు అడుగు రేకు మీద బోర్లా పడుకుని, ఇరుసు చప్పుడుకు చెవి ఆనించారు.

"మాట్లాడకు. పోనియ్యి."

రాళ్ల మీద జీపు ఊగుతూ, మూలుగు లేకుండా ఎక్కింది. అద్దంలోకి చూశాను. కళ్లు మూసుకున్న ముఖం, నెరిసిన జుట్టు నిండా దుమ్ము. నూనె మరకల చెయ్యి ఒకటి గాలిలోకి లేచి, ఇంకొంచెం, ఇంకొంచెం అన్నట్టు ముందుకు ఊపుతోంది.